అమ్మాయిని ఆ పని చేయనివ్వండి, ఐఐటీ జామ్ పరీక్ష మాత్రం వదలనివ్వకండి

ప్రశ్న: మాది గజపతినగరం. అమ్మాయి విజయనగరంలో బీఎస్సీ మ్యాథ్స్ ఆఖరి సంవత్సరం. టైప్ థియరీ అనే సబ్జెక్టు మీద కొందరు కలిసి రాస్తున్న పాఠ్యపుస్తకానికి పదాలు, గుర్తులు సరిచూస్తున్నానంటూ రాత్రిళ్లు కంప్యూటర్ వదలడం లేదు. డబ్బులూ లేవు, సర్టిఫికెట్టూ లేదు. ఇది మాన్పించి బీఈడీ, డీఎస్సీ వైపు తిప్పమంటారా?

జవాబు: అయ్యా, మాన్పించకండి. మీ టెన్షన్ అంతా అది అచ్చుతప్పులు దిద్దే పని అనుకోవడం వల్ల వచ్చింది.

టైప్ థియరీ అంటే గణిత నిరూపణలను కంప్యూటర్ కూడా సరిచూడగలిగేలా రాసే తర్కశాస్త్ర శాఖ. ఒక్క ఉదాహరణ చెబుతాను. కూడికను రెండో సంఖ్యను బట్టి నిర్వచించుకుంటే, ఏ సంఖ్యకైనా సున్నా కలిపితే అదే సంఖ్య అన్నది నిర్వచనంలోనే ఉంది, కానీ సున్నాకు ఆ సంఖ్యను కలిపినా అదే వస్తుందని, సున్నాతో మొదలుపెట్టి ఒక సంఖ్య నుంచి తర్వాతి సంఖ్యకు వెళ్లే ఇండక్షన్‌తో నిరూపించాలి. స్కూల్లో రెండింటికీ ఒకటే ఈక్వల్ గుర్తు, టైప్ థియరీలో మాత్రం ఇవి రెండు వేరు సమానత్వాలు. 2013లో వచ్చిన హోమోటోపీ టైప్ థియరీ పుస్తకంలో నిర్వచనం వల్ల వచ్చేదానికి మూడు గీతల గుర్తు (≡), నిరూపించాల్సినదానికి రెండు గీతల గుర్తు (=) వాడారు. అగ్డా అనే ప్రోగ్రామింగ్ భాషలో సరిగ్గా తిరగేసి ఉంటుంది! పుస్తకం చదివి కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లలు ఇక్కడే తికమకపడతారు. ఏ పేజీలో ఏ గుర్తు ఉండాలో తేల్చాలంటే అక్కడి గణితం పూర్తిగా అర్థమై ఉండాలి.

ఆ 2013 పుస్తకం కూడా ఒక్కరు రాసింది కాదు. ప్రిన్స్‌టన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీలో గణితంలో అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్ అందుకున్న వోయెవోడ్‌స్కీ లాంటివాళ్లు, ఎందరో గణితవేత్తలు, కంప్యూటర్ సైంటిస్టులు కలిసి ఆరు నెలల్లోపే దాదాపు 600 పేజీలు రాశారు. ముందుమాటలో విద్యార్థుల పేర్లు కూడా ఉన్నాయి.

అయితే అమ్మాయికి గట్టిగా చెప్పాల్సినవీ ఉన్నాయి. చేసిన ప్రతి మార్పూ తన పేరు మీదే రికార్డయ్యేలా చూసుకోమనండి. ఏదో ఒక గుర్తు గురించి ముందు ఏముండేది, ఎవరేమన్నారు, చివరికి ఎందుకలా తేల్చారు అన్నది రెండు పేజీల్లో రాసి పెట్టుకుంటే, రేపు ఇంటర్వ్యూలో చూపించడానికి సర్టిఫికెట్ కంటే అదే గట్టి ఆధారం. తన మాట నెగ్గకపోతే అలిగి మానేయకూడదు, నలుగురూ ఒప్పుకున్న గుర్తునే పుస్తకమంతా ఒకేలా పెట్టాలి, కలిసి రాయడంలో కష్టమంతా అక్కడే ఉంది.

ఇక పరీక్షలు. ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీట్ల కోసం రాసే ఐఐటీ జామ్ ఫిబ్రవరిలో, అందులో టైప్ థియరీ ఒక్క ప్రశ్న కూడా రాదు. రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు రోజూ చేయాల్సిందే, కాబట్టి పుస్తకం పని శని ఆదివారాలకు మార్చమనండి. సీఎంఐ (చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్), ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) ఎంట్రన్సులు కూడా రాయించండి. లాజిక్, కంప్యూటర్ సైన్స్ కలిసే ఈ దారికి సీఎంఐ బాగా సరిపోతుంది. ఖర్చు గురించి భయపడుతుంటే ముందు ఐఎస్ఐ చూడండి, అక్కడి మ్యాథ్స్ పీజీ కోర్సు ఎం.మ్యాథ్‌కు ట్యూషన్ ఫీజు ఉండదు, స్టైపెండ్ కూడా ఇస్తారు. ఎందుకైనా మంచిది, రాష్ట్ర యూనివర్సిటీల పీజీ ఎంట్రన్స్ అయిన ఏపీ పీజీసెట్‌కు కూడా అప్లై చేయించండి. బీఈడీ ఎమ్మెస్సీ తర్వాతైనా చేసుకోవచ్చు.