పక్షుల ఛాయాచిత్రణం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: చెరువు మీద ఎగిరే బాతులను 600 మి.మీ. లెన్స్‌తో, సెకనులో 1/2000వ వంతు షట్టర్ వేగంతో తీస్తున్నాను. తెల్లవారుజామున స్పష్టంగా వచ్చే ఫొటోలు ఎండ ఎక్కాక మసకబారుతున్నాయి. లెన్స్‌లో ఏదైనా లోపం ఉందా?

సమాధానం: ఉదయం ఫొటోలు బాగా వస్తున్నాయంటే లెన్స్‌ను అనుమానించనక్కరలేదు. ఎండ ముదిరేకొద్దీ నేల వేడెక్కి, దాన్ని ఆనుకొని ఉన్న గాలి పైకి లేస్తుంది. వేడిగాలి, చల్లగాలి పొరలలో కాంతి ఒకే తీరున ప్రయాణించదు కనుక, పక్షి నుంచి వచ్చే కిరణాలు దారిలోనే అటూ ఇటూ వంగుతూ కెమెరాను చేరతాయి. అలా ముందే చెదిరిన దృశ్యాన్ని షట్టర్ వేగం పెంచినా, ట్రైపాడ్ వాడినా సరిదిద్దలేము. దృశ్యాన్ని పెద్దది చేసేందుకు లెన్స్‌కూ కెమెరాకూ నడుమ అమర్చే టెలికన్వర్టర్ తగిలిస్తే ఆ చెదురే మరింత పెద్దదిగా కనిపిస్తుంది, పైగా 1.4 రెట్ల కన్వర్టర్ వల్ల ఒక స్టాప్ (అంటే సగం), 2 రెట్ల దాని వల్ల రెండు స్టాపుల (అంటే ముప్పాతిక వంతు) వెలుతురు తగ్గిపోతుంది. చలి ఉదయాన వెచ్చని కారులో కూర్చొని కిటికీలోంచి తీసేవారికి కూడా ఇదే చిక్కు ఎదురవుతుంది.

మీకూ పక్షికీ నడుమ ఉన్న గాలి మందాన్ని తగ్గించడమే దీనికి మార్గం. అందుకోసం పక్షి వెంట నడవకండి. వెలుతురు రాకముందే చేరుకొని, ఒడ్డున నేలకు దగ్గరగా, కదలకుండా కూర్చుంటే చాలాసార్లు పక్షులే దగ్గరికి వస్తాయి. కూర్చునే చోటును గాలిని బట్టి ఎంచుకోవాలి. పక్షులు సాధారణంగా గాలికి ఎదురుగా లేస్తాయి, ఎదురుగానే వాలతాయి. కాబట్టి గాలి మీ వీపుకు తగులుతుంటే అవి మీ వైపు ముఖం పెట్టి ఎగిరే అవకాశం ఎక్కువ. సూర్యుడు కూడా వెనకే ఉంటే మంచిదే గానీ, రెండూ కుదరని రోజున నేను గాలికే ప్రాధాన్యం ఇస్తాను. పక్క నుంచి పడే వెలుతురు ఈకల అమరికను చక్కగా చూపగలదు. తోక చూపిస్తూ వెళ్లిపోయే పక్షిని ఏ వెలుతురూ ఆదుకోలేదు.

ప్రశ్న: తెల్లకొంగను తీస్తే ఈకల వివరాలు పోయి ఉత్త తెల్లటి మచ్చలా వస్తోంది. ఏం చేయాలి?

సమాధానం: కెమెరాలోని వెలుతురు కొలమానం దృశ్యం మొత్తాన్ని మధ్యస్థమైన బూడిద ఛాయకు తేవాలని చూస్తుంది. వెనక ముదురు పొదలుంటే వాటి కోసం వెలుతురు పెంచి, కొంగను పాడుచేస్తుంది. ఎక్స్‌పోజర్‌ను (ఫొటోకు అందే వెలుతురును) ఒక స్టాప్ తగ్గించి చూడండి. ఎగిరే కొంగకైతే ఎక్స్‌పోజర్‌ను కెమెరాకు వదలక మనమే స్థిరంగా అమర్చుకునే మాన్యువల్ పద్ధతి మేలు. వెలుతురు మారనంతవరకు, వెనక పొద వచ్చినా ఆకాశం వచ్చినా తెలుపు చెడదు. నీడలలోని వివరాలను రా ఫైల్ (కెమెరా మార్పులు చేయకుండా భద్రపరిచే మూల ఫైల్) నుంచి కొంతవరకు వెలికితీయవచ్చు గానీ, పూర్తిగా తెల్లబడిన ఈకలను మాత్రం తిరిగి తేలేము.

ప్రశ్న: పొదలో ఒక గూడు ఉంది. అడ్డుగా ఉన్న రెండు కొమ్మలు తొలగించి పిల్లలను తీయవచ్చా?

సమాధానం: దయచేసి ఆ పని చేయకండి. ఆ కొమ్మలే పిల్లలకు ఎండ తగలకుండా, కాకుల, పాముల కంట పడకుండా కాపాడుతున్నాయి. కొమ్మలను ముట్టకుండా దూరం నుంచి తీసినా, తల్లి తీరును గమనించాలి. ముక్కున మేత పట్టుకొని కూడా గూటికి వెళ్లక, పక్క కొమ్మ మీదే అరుస్తూ తిరుగుతోందంటే మీరు మరీ దగ్గరగా ఉన్నారని అర్థం. ఫొటో దొరికినా దొరకకపోయినా వెంటనే తప్పుకోండి. మీ వల్ల అది గూటికి దూరమైనంతసేపూ గుడ్లు చల్లబడవచ్చు, పిల్లలు ఆకలితో ఉండిపోవచ్చు. చాలా జాతులలో పిల్లలు గూడు విడిచిన తరువాత కూడా కొన్నాళ్లపాటు కొమ్మల మీద కూర్చొని, రెక్కలు అల్లాడిస్తూ మేత అడుగుతుంటాయి. వాటిని అప్పుడు, దూరం నుంచి తీయండి. ఫొటోను నలుగురితో పంచుకునే ముందు అందులో నమోదైన స్థల వివరాలను తొలగించడం మరవకండి.