కొకైన్ మాన్పించే మాత్ర ఉందా?

ప్రశ్న: మా అబ్బాయికి ఇరవై ఎనిమిదేళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వారాంతపు పార్టీలలో కొకైన్ అలవాటైందని ఈ మధ్యే తెలిసింది. తనంతట తానే మానేస్తానని వారం రోజులుగా ఇంట్లో ఉంటున్నాడు గానీ, ఎప్పుడూ నిద్రే. లేస్తే తిండి, పలకరిస్తే విసుగు. మాన్పించే మాత్ర ఏదైనా ఉందా? ఆసుపత్రికి తీసుకెళ్తే కేసు అవుతుందని మావారు భయపడుతున్నారు.
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, ఆ నిద్ర బద్ధకం కాదు. మెదడులో ఉత్సాహాన్ని కలిగించే డోపమైన్‌ను నాడీకణాలు తిరిగి లోపలికి తీసుకోకుండా కొకైన్ అడ్డుపడుతుంది. ముక్కుతో పీల్చినప్పుడు ఆ ఉత్సాహం సాధారణంగా 15 నుంచి 30 నిమిషాలే ఉంటుంది కనుక మళ్లీ మళ్లీ కావాలనిపిస్తుంది. మానేసిన తొలి రోజులలో దిగులు, అతినిద్ర, ఆకలి, చిరాకు రావడం సహజమే. అయితే ఆ దిగులులో చనిపోవాలన్న మాట అతని నోట వస్తే మాత్రం అదే రోజు మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

హెరాయిన్‌కు బానిసలైనవారికి బుప్రెనార్ఫిన్ వంటి మందులున్నాయి. కొకైన్ వ్యసనానికి ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు ఇంతవరకు లేదు. ఒక్క ఇంజెక్షన్‌తో నయం చేస్తామనే ప్రకటనలను దయచేసి నమ్మకండి. నెలల తరబడి సాగే కౌన్సెలింగే అసలు చికిత్స. జీతం పడిన రోజు, పాత స్నేహితుడి ఫోను, శుక్రవారం సాయంత్రం వంటి ఏ సందర్భాలు కోరికను రేపుతాయో అతనిచేతే గుర్తింపజేసి, ఆ సమయానికి ఏం చేయాలో ముందే సాధన చేయిస్తారు. వారానికి రెండు మూడుసార్లు మూత్రపరీక్ష చేసి, కొకైన్ లేదని తేలిన ప్రతిసారీ చిన్న బహుమతి ఇచ్చే పద్ధతి అధ్యయనాలలో అన్నిటికన్నా మంచి ఫలితాలను చూపింది. మన దగ్గర దాన్ని అమలు చేసే కేంద్రాలు అరుదు కావడం నాకు బాధ కలిగించే విషయం. మధ్యలో ఒకసారి జారినా, అప్పటిదాకా జరిగిన చికిత్స వృథా అయిందని అతనితో అనకండి.

మద్యం కూడా పూర్తిగా మానాలి. రెండూ కలిస్తే కాలేయంలో కోకాఇథిలిన్ అనే పదార్థం తయారై గుండెకు మరింత హాని చేస్తుంది. ఈ వయసులో గుండెపోటేమిటని అనుకోకండి. ఛాతీ నొప్పి వస్తే వెంటనే 108కి ఫోన్ చేసి, కొకైన్ సంగతి వైద్యులకు దాచకుండా చెప్పండి, ఎందుకంటే దాన్నిబట్టి వారు ఇచ్చే మందులు మారతాయి.

ఇక కేసు భయం. వైద్యుడి దగ్గరికి వెళ్లినంత మాత్రాన కేసు కాదు. పైగా 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నిరోధక) చట్టంలోని 64ఎ సెక్షన్ ప్రకారం, వాడకం లేదా స్వల్ప పరిమాణం (కొకైన్‌కు 2 గ్రాములు) కేసులో చిక్కుకున్న వ్యసనపరుడు సైతం ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన కేంద్రంలో స్వచ్ఛందంగా చేరితే విచారణ నుంచి రక్షణ ఉంటుంది; చికిత్స మధ్యలో వదిలేస్తే మాత్రం ఆ రక్షణను ఉపసంహరించవచ్చు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో సంప్రదించండి. జాతీయ హెల్ప్‌లైన్ 14446కు మీవారే ఫోన్ చేసి మాట్లాడవచ్చు, అబ్బాయి పక్కన ఉండాల్సిన అవసరం లేదు.