శేషాచలం కొండల్లో ఏది ఎవరి పని?

ప్రశ్న: తిరుమల శిలాతోరణాన్ని రాయలవారు చెక్కించారని ఆటో అతను చెప్పాడు. నిజమేనా? ఈ కొండల చుట్టూ మనుషులు కట్టిన పాతవి ఎక్కడ చూడొచ్చు?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: కాదమ్మా. గాలికీ నీటికీ క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి అరిగి అలా మిగిలింది. సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. రాయలవారికి దానితో సంబంధం లేదు.

మనుషుల పని చూడాలంటే ముందు చంద్రగిరి వైపున్న మల్లయ్యగారిపల్లె గుట్ట ఎక్కండి. అక్కడివాళ్లు పాండవుల గుళ్లు అని పిలిచేవి బృహత్ శిలాయుగపు, అంటే పెద్ద పెద్ద బండలతో సమాధులు కట్టిన పాత కాలపు, సమాధులు. నిలబెట్టిన రాతి పలకల మీద ఒకే పెద్ద కప్పుబండ, అంతే. వంగి లోపలికి చూస్తే, అంత బరువును పైకి ఎలా ఎత్తారా అని ఆశ్చర్యమేస్తుంది. నేను వెళ్లినప్పుడు ఒక బండ మీద ఎవరో పెయింటుతో పేర్లు రాసి ఉన్నారు. కడుపు మండిపోయింది. పిల్లల్ని తీసుకెళితే ఈ సంగతి ముందే చెప్పండి.

తిరుమల గుడిలో 966 నాటి శాసనం ఉంది. పల్లవ వంశానికి చెందిన సామవై అనే రాణి వెండి విగ్రహం, నగలు, భూములు ఇచ్చిందని అందులో ఉంది. రాత్రి ఏకాంత సేవలో పవళించే భోగ శ్రీనివాసమూర్తి ఆ విగ్రహమే.

చంద్రగిరి రాజమహల్ కూడా చూడండి. కలప లేకుండా ఇటుక, రాయి, సున్నంతో కట్టిన మూడంతస్తుల మేడ అది. ఇప్పుడు మ్యూజియం.

అడవి లోపలికి మాత్రం ఫారెస్టు వాళ్ల అనుమతి లేకుండా వెళ్లొద్దు. చిరుతలు తిరిగే చోటు.