బిడ్డ పుట్టే ఏడాది లక్ష రూపాయల పాలసీ కట్టాలా?

ప్రశ్న: నాకు ఐదో నెల, మొదటి కాన్పు. హైదరాబాద్‌లో ఉంటాం. మా వారికి చేతికి 62 వేలు, నాకు 38 వేలు వస్తాయి. అద్దె 18 వేలు, కారు ఈఎంఐ 11,500, అత్తయ్యగారికి 10 వేలు, ఇంటి ఖర్చు 30 వేలు. ఎఫ్‌డీ 3 లక్షలుంది. పుట్టబోయే బిడ్డ చదువుకని ఏడాదికి లక్ష చొప్పున 20 ఏళ్ల పాలసీ తీసుకోమని ఏజెంటుగా ఉన్న మా వారి బాబాయిగారు పట్టుబడుతున్నారు. దానికోసం మా వారు ఆదివారాలు కూడా డ్యూటీ చేస్తానంటున్నారు. ప్రసూతి సెలవు అయ్యాక, బిడ్డకు రెండేళ్లు నిండేదాకా నేను ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను. మాకు అంత స్తోమత ఉందా?

జవాబు: ఉంది. ఆ పాలసీ మీద సంతకం పెట్టనంతవరకూ ఉంది.

ఇప్పుడు మీకు నెలకు 30,500 మిగులుతోంది. మీ జీతం ఆగితే 7,500 లోటు. డైపర్లు, డాక్టరు ఫీజులు, మందులు, పనిమనిషికి అదనంగా ఇచ్చేది కలిపి బిడ్డకు నెలకు 9 వేలు వేసుకుంటే లోటు 16,500. పద్దెనిమిది నెలలకు దాదాపు 3 లక్షలు. పాలసీ ఇప్పుడు మొదలుపెడితే బిడ్డకు రెండేళ్లు వచ్చేలోపు మూడు ప్రీమియంలు కట్టాలి. అదీ 3 లక్షలే. ఒకే డబ్బు రెండు చోట్లకు సరిపోదు. ఇలాంటి పాలసీలు చాలా మధ్యలోనే ఆగిపోతాయి. తొలి ఏళ్లలో ఆపేస్తే కట్టినదాంట్లో చాలా భాగం వెనక్కి రాదు.

పాలసీ లేకపోతే ఎలా ఉంటుందో చూడండి. కాన్పుకు ఇంకా నాలుగు నెలలుంది. మిగిలేదంతా ఆర్‌డీలో (బ్యాంకులో నెలనెలా కట్టే డిపాజిట్) వేస్తే 1,22,000. మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో సెలవు చట్టం ఇచ్చిన హక్కు. కాన్పుకు ముందటి ఏడాదిలో 80 రోజులు పని చేసి ఉంటే చాలు. ఇందులో 8 వారాల వరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. డాక్టరు సరేనంటే తక్కువ వాడండి, మిగతావి బిడ్డతో గడపొచ్చు. ఆ ఆరు నెలల్లో బిడ్డ ఖర్చు పోగా ఇంకో 1,29,000 మిగులుతుంది. ఎఫ్‌డీతో కలిపి ఐదున్నర లక్షలు. కాన్పుకు లక్ష, ఇంట్లో మీరుండే కాలానికి 3 లక్షలు తీసినా ఇంకా లక్షన్నర చేతిలో ఉంటుంది. బారసాల, మొదటి పుట్టినరోజు అందులోనే సర్దుకోండి. వాటికి మాత్రం అప్పు చేయొద్దు.

కాన్పుకు లక్ష ఎందుకంటే, కంపెనీ ఇన్సూరెన్స్ 5 లక్షలున్నా ప్రసవానికి సాధారణంగా 50 వేలనో 75 వేలనో విడిగా పరిమితి ఉంటుంది. పురుడు పుట్టింట్లో అయితే ఇంకో మెలిక. ఆ ఊళ్లో ఏ ఆసుపత్రి మీ పాలసీ నెట్‌వర్క్‌లో ఉందో ఇప్పుడే కనుక్కోండి. లేకపోతే చేతి డబ్బు కట్టి, ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ దగ్గర పెట్టుకుని, తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి. గది అద్దె పరిమితి చూసుకోండి. అంతకంటే ఖరీదైన గది తీసుకుంటే చాలా పాలసీల్లో మొత్తం బిల్లులోనే ఆ నిష్పత్తిలో కోత పడుతుంది. బిడ్డకు మొదటి రోజు నుంచే కవరేజీ ఉందా అన్నది అన్నిటికంటే ముఖ్యం. నెలలు నిండకుండా పుట్టి ఇంక్యుబేటర్‌లో పెట్టాల్సి వస్తే ఆ బిల్లు కాన్పు బిల్లును మించిపోతుంది. మీ ఉద్యోగంతో పాటు మీ కంపెనీ పాలసీ కూడా పోతుంది. కాబట్టి మిమ్మల్నీ బిడ్డనూ మీ వారి కంపెనీ పాలసీలో చేర్చండి. చాలా కంపెనీలు బిడ్డ పేరు ఎక్కించడానికి 30 రోజులే గడువిస్తాయి.

బాబాయిగారి పాలసీలో మెచ్చుకోదగ్గది ఒకటుంది: తండ్రి పోయినా బిడ్డ చదువు ఆగదన్న భరోసా. అది టర్మ్ పాలసీతో (గడువులోపు మనిషి పోతేనే డబ్బిచ్చే పాలసీ) ఇంకా పెద్ద మొత్తానికి, చాలా తక్కువ ఖర్చుతో దొరుకుతుంది. మీ వారి పేరున కోటి రూపాయలకు, 60 ఏళ్ల వయసు దాకా, ఈ నెలలోనే తీసుకోండి. వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద తీసుకుంటున్నట్టు ప్రపోజల్ ఫారంలోనే రాయిస్తే ఆ డబ్బు మీకూ బిడ్డకూ మాత్రమే చెందుతుంది, అప్పులవాళ్లు అందుకోలేరు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీలపై జీఎస్‌టీ కూడా లేదు. మీకూ 50 లక్షలకు ఒకటి కావాలి. గర్భంతో ఉన్నప్పుడు చాలా కంపెనీలు కాన్పు అయ్యేదాకా ఆగమంటాయి. కాన్పయ్యాక, రాజీనామా ఇవ్వకముందు తీసుకోండి. జీతం లేకపోతే అంత కవరేజీ దొరకడం కష్టం.

ఇక చదువు. ఇవాళ 10 లక్షలయ్యే కోర్సు, ఏటా 8 శాతం పెరిగితే 18 ఏళ్లకు 40 లక్షలవుతుంది. 10 శాతం రాబడి వస్తుందనుకుంటే (హామీ ఏమీ లేదు), పుట్టినప్పటి నుంచీ మ్యూచువల్ ఫండ్ సిప్‌లో (నెలనెలా కొంత మొత్తం మదుపు చేయడం) నెలకు 6,650 కావాలి. రెండేళ్లాగి మొదలుపెడితే 8,500. ఆలస్యానికి మీరిచ్చే ధర నెలకు 1,850. మీరు మళ్లీ ఉద్యోగంలో చేరాక అది భారం కాదు. దానికోసం బిడ్డ బోర్లాపడే, పాకే, తప్పటడుగులు వేసే ఏడాదంతా మీ వారి ఆదివారాలు తాకట్టు పెట్టడం నాకు ఏ లెక్కన చూసినా నష్టమే. ఆ రోజులకు సిప్ లేదు. ఆయన్ని ఇంట్లో ఉండమనండి. రాత్రంతా నిద్రలేని మీకు ఆ ఒక్క పూట ఆయన అవసరం ఎంతో ఉంటుంది.

ఆడపిల్ల పుడితే సుకన్య సమృద్ధి ఖాతా (ఆడపిల్లల కోసం ప్రభుత్వ పొదుపు పథకం) ఏడాదికి 250 రూపాయలతో తెరిచి ఉంచండి. పదేళ్లు నిండేలోపు ఎప్పుడైనా తెరవొచ్చు, కానీ డబ్బు చేతికి రావడానికి పట్టే 21 ఏళ్ల గడువు తెరిచిన రోజు నుంచే మొదలవుతుంది. ఎక్కువ మొత్తం ఇప్పుడే వేయకండి. అవసరానికి తీసుకునే వీలుండదు.

రాజీనామాకు ముందు హెచ్‌ఆర్‌ను ఒక్క మాట అడగండి. 50 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థ శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చు. సెలవు తర్వాత కొన్నాళ్లు ఇంటినుంచి పనికి ఒప్పుకుంటే మీరనుకున్న 18 నెలలు తొమ్మిదికి తగ్గొచ్చు.