మౌంగాకియెకియె కొండ మీద మా నాన్నగారి పాతర

న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్‌లోని కార్న్‌వాల్ పార్కు మీదుగా వన్ ట్రీ హిల్ శిఖరం దాకా డెబ్బై దాటిన తల్లిదండ్రులను నడిపించవచ్చా, అక్కడ చూడడానికి ఏముంది అని అడిగారు. నిస్సంకోచంగా నడిపించండి. కొండ ఎత్తు 182 మీటర్లే. కార్లను శిఖరం దాకా వెళ్లనివ్వరు కనుక పైభాగం ఎటూ నడవవలసిందే. మా నాన్నగారు చేతికర్ర లేకుండానే ఎక్కారు, కాకపోతే దారిలో ఒక గుంట దగ్గర అరగంట ఆగిపోయారు.

అక్కడి మూలవాసులైన మావోరీలు మౌంగాకియెకియె అని పిలుచుకునే ఆ కొండ చుట్టూ వాలును చెక్కి మెట్లుమెట్లుగా చదును చేసిన గట్లున్నాయి. వాటి మీద గడ్డి కప్పేసిన పల్లాలు కనిపిస్తాయి. కుమరాను, అంటే మన చిలగడదుంపను, దాచుకున్న గోతులవి. నేను ఆ మాట చెప్పకముందే నాన్నగారు వంగి అంచును చేత్తో తడిమి, "ఒరేయ్, ఇది పాతరరా" అన్నారు. కర్నూలు జిల్లాలో చిన్నప్పుడు జొన్నలు పోసి, గడ్డి పరిచి, మట్టితో పాతర మూసిన మనిషికి ఎవరూ వివరించవలసిన పని లేకపోయింది. చలికాలంలో దుంప నేలలోనే ఉంటే కుళ్లిపోతుంది కనుక ముందే తవ్వి, పైకప్పు వేసిన గోతుల్లో దాచేవారని నేను చెబితే, "మరి వాననీరు ఎటు పోయేది?" అని అడిగి, వాలు వైపు చూసి జవాబు కూడా తానే చెప్పుకున్నారు.

18వ శతాబ్దంలో వైయోహువా అనే మావోరీ తెగ నాయకుడు కివి తామాకి అనే ఆయన ఏలిన పెద్ద కోట ఇది. ముందు గాదె, తరువాతే కోట అని నా గట్టి అభిప్రాయం. తిండి నిల్వ లేని కొండను ఎవరు మాత్రం కాపాడుకుంటారు?

మనవాళ్లు చాలామంది పైనున్న రాతిస్తంభం ముందు ఫొటో దిగి, "ఆ ఒక్క చెట్టు ఏది?" అని విసుక్కుని దిగిపోతారు. 1994లో ఒక మావోరీ ఉద్యమకారుడి రంపం దెబ్బ తిన్న పైన్ చెట్టును 2000లో తొలగించారు, 2016లో కొత్త మొక్కలు నాటారు. ఆ స్తంభం కూడా 1901లో పార్కు స్థలాన్ని దానమిచ్చిన జాన్ లోగన్ క్యాంప్‌బెల్ మావోరీల గౌరవార్థం కట్టించమని వదిలివెళ్లిన సొమ్ముతో లేచినదే. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1940లోనే పూర్తయినా, రక్తం పారుతున్న కాలంలో ఆవిష్కరించరాదన్న మావోరీ ఆచారాన్ని మన్నించి 1948 దాకా ఆగారు. అంత నిగ్రహం చూపిన చోట పాతరల్లో చాప పరిచి పులిహోర పొట్లాలు విప్పేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ సాయంత్రం కుమరా కొని ఉడకబెట్టాము. మన దుంపంత తీపి లేదని నాన్నగారు తేల్చి, రెండోది అడిగి తీసుకున్నారు.