ఆగి ఉన్న లారీని గుద్దితే తప్పంతా బైకుదేనా?

ప్రశ్న: మాది సూర్యాపేట దగ్గర పల్లె. రెండు నెలల కిందట తెల్లవారుజామున నాలుగింటికి మా అన్నయ్య (34) విజయవాడ హైవే మీద బైకుపై వస్తూ, టైరు పేలి రోడ్డు మీదే ఆపేసిన పన్నెండు టైర్ల లారీని వెనక నుంచి గుద్ది చనిపోయాడు. వెనక కూర్చున్న బావకు తొడ ఎముక విరిగింది. అన్నయ్య వడ్రంగి, నెలకు 18 వేలు తెచ్చేవాడు. వదిన, ఇద్దరు పిల్లలు, అమ్మ అందరూ ఆయన మీదే ఆధారం. ఎఫ్ఐఆర్‌లో తప్పు అన్నయ్యదే అని రాశారు. ఓనరేమో లారీ ఎప్పుడో అమ్మేశానంటాడు. ఇన్సూరెన్స్ వాళ్లు డ్రైవర్ లైసెన్సు రెన్యువల్ కాలేదని చెబుతూనే, ఐదు లక్షలకు సంతకం పెట్టమంటున్నారు. పెట్టమంటారా?

జవాబు: పెట్టకండి. ఆ ఐదు లక్షలు మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కిందవి. ఎవరి తప్పన్నది అడక్కుండా ఇచ్చే సొమ్ము. అది పుచ్చుకుంటే, లారీవాళ్ల తప్పు చూపించి పూర్తి పరిహారం అడిగే 166వ సెక్షన్ పిటిషన్ అక్కడితో రద్దవుతుంది.

పూర్తి పరిహారం ఎంతో మీరే లెక్కేసుకోండి. ఏడాదికి 2,16,000. సొంత పని చేసుకునే, నలభై లోపు మనిషి కాబట్టి భవిష్యత్తులో పెరిగే సంపాదన కింద 40 శాతం కలిపితే 3,02,400. ఆధారపడ్డవాళ్లు నలుగురు కాబట్టి ఆయన సొంత ఖర్చుకని నాలుగో వంతు తీసేస్తే 2,26,800. ముప్పై నాలుగేళ్ల వయసుకు దాన్ని 16తో హెచ్చవేస్తారు. 36,28,800 వస్తుంది. అంత్యక్రియల ఖర్చు, భార్యాబిడ్డల ఎడబాటు లాంటివి దీనికి అదనం. 18 వేలకు రుజువు కావాలి. పని చేయించుకున్నవాళ్లతో సాక్ష్యం చెప్పించండి, ఫోన్‌పే లావాదేవీలు తీసి పెట్టుకోండి.

ఇక అసలు గొడవ, తప్పెవరిది? "నిలబడ్డ బండి తప్పేం చేస్తుంది" అని ప్రతి ఓనరూ అనే మాటే. ప్రమాదకరంగా ఉండేలా బండిని రోడ్డు మీద వదిలిపెట్టకూడదని 122వ సెక్షన్ చెబుతుంది. చీకట్లో ఆగిన లారీకి పార్కింగ్ లైట్లు వెలగాలి, వెనక రిఫ్లెక్టర్లు కనబడాలి. మన హైవేల మీద జరిగేది వేరు. టెయిల్ లైటు మీద మట్టి పేరుకుపోయి ఉంటుంది, రిఫ్లెక్టర్ స్టిక్కర్ల మీదికి టార్పాలిన్ వేలాడుతుంటుంది. జాగ్రత్తంటే నాలుగు రాళ్లు, ఒక వేపకొమ్మ. టైరు మార్చుకుని వెళ్లేటప్పుడు ఆ రాళ్లు కూడా తీయరు! రోడ్డు మధ్య లైట్లు లేకుండా ఆపిన ట్యాంకర్‌ను కారు గుద్దిన కేసులో, కారు డ్రైవర్ మీద హైకోర్టు వేసిన సగం తప్పును 2018లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మీకూ అలాగే వస్తుందని మాటివ్వలేను. బైకు వేగం, లైటు, తాగి ఉన్నాడా అన్నవి చూస్తారు. 30 శాతం తప్పు అన్నయ్యదని తేలితే పై మొత్తం 25,40,160కి దిగుతుంది. ఎఫ్ఐఆర్‌లో రాసిందే తీర్పు కాదు, ప్రమాద పరిహారం కేసులు వినే ట్రిబ్యునల్ సాక్ష్యం చూసుకుని స్వయంగా తేలుస్తుంది. అందుకే పంచనామా, రఫ్ స్కెచ్, ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు కాపీలు తీసుకోండి. ఆ పొద్దున ఊరివాళ్లెవరైనా సెల్లులో ఫొటోలు తీసి ఉంటారు, అవి అన్నిటికన్నా విలువైనవి.

బావ కేసు వేరుగా వేయండి. ఆయన బండి నడపలేదు, కాబట్టి అన్నయ్య తప్పు ఆయన సొమ్ములోంచి కోయరు. రెండు బండ్ల తప్పూ ఉన్నా మొత్తం లారీ వైపు నుంచే అడగొచ్చు.

లారీ అమ్మేశానన్న మాటను పట్టించుకోకండి. ప్రమాదం రోజున ఆర్‌సీ ఎవరి పేరున ఉంటే చట్టం దృష్టిలో అతనే ఓనరు. లైసెన్సు మాటకొస్తే, డ్రైవర్‌కు లైసెన్సు లేదని ఓనరుకు తెలిసీ బండి ఇచ్చాడని కంపెనీయే రుజువు చేయాలి. చేసినా చాలాసార్లు ట్రిబ్యునల్ "ముందు బాధితులకు కట్టు, తర్వాత ఓనరు దగ్గర రాబట్టుకో" అంటుంది. (7,500 కిలోల లోపు బండి అయితే కారు లైసెన్సే చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. పన్నెండు టైర్ల లారీకి అది వర్తించదు.)

ఇన్సూరెన్స్ నిజంగానే తప్పించుకునేది ఇంకో రకం ప్రమాదంలో. మిరపకోతలకు కూలీలను లోడు బండి వెనక ఎక్కించుకెళ్తారు చూడండి, అది బోల్తా పడితే సాధారణంగా కంపెనీ బాధ్యత ఉండదు, ఓనరు ఒక్కడే కట్టుకోవాలి. సరుకు యజమాని తన సరుకుతో పాటు వెళ్తుంటే మాత్రం పాలసీ వర్తిస్తుంది. గుద్ది పారిపోయిన లారీ దొరక్కపోతే మరణానికి రెండు లక్షలు ప్రభుత్వ పథకం కింద వస్తాయి.

పిటిషన్‌కు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలే గడువు. ఆ నిబంధన మీద సుప్రీంకోర్టులో వివాదం నడుస్తోంది గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. మీకింకా నాలుగు నెలలున్నాయి. లారీ ఏ రాష్ట్రానిదైనా మీ జిల్లా కోర్టులోనే వేయొచ్చు. పిటిషన్‌లో వదిన, పిల్లలతో పాటు అమ్మ పేరు కూడా చేర్చడం మరిచిపోకండి.