ప్రశ్న–జవాబు: ప్రాగ్ కోట చుట్టూ ఉన్న తోటలు

ప్రశ్న: మా అబ్బాయి డ్రెస్డెన్‌లో చదువుకుంటున్నాడు. మే నెలలో మేమిద్దరం వాడి దగ్గరకి వెళ్తున్నాం. ప్రాగ్‌లో రెండు రోజులుంటాం. చార్లెస్ వంతెన, కోట ఎలాగూ చూస్తాం. జనం మరీ తొక్కుకోని పాత రాజభవనాలు, తోటలు ఉంటే చెప్పండి. నాకు మోకాళ్ల నొప్పులు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మోకాళ్ల సంగతి ముందే చెప్పడం మంచిదైంది. ప్రాగ్ తోటల్లో సగం కొండవాలు మీద మెట్లు మెట్లుగా కట్టినవే. పైనుంచి దిగితే సుఖం కదా అని చాలామంది సలహా ఇస్తారు, వినకండి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఎక్కేటప్పటి కన్నా దిగేటప్పుడే బాధ ఎక్కువ. మీకు చదునుగా ఉన్నవి చాలు, మంచివి అవే మూడున్నాయి.

22 నంబరు ట్రామ్ ఎక్కి క్రాలోవ్‌స్కీ లెతోహ్రాదెక్ అనే స్టాపులో దిగండి. కొండ ఎక్కే పని ట్రామే చేసేస్తుంది. ఎదురుగా ఉన్నదే ఆన్ రాణి వేసవి భవనం. చెక్ రాజు మొదటి ఫెర్డినాండ్ 1538లో మొదలుపెట్టించాడు. బోర్లించిన పడవలాంటి రాగి కప్పు దాని గుర్తు. ముందున్న కంచు ఫౌంటెన్‌ను 1560లలో తొమాష్ యారోష్ పోతపోశాడు. దీన్ని ‘పాడే ఫౌంటెన్’ అంటారు. దూరంగా నిలబడి వింటే మామూలు నీళ్ల చప్పుడే. కొంచెం వంగి, కంచు పళ్లెం అడుగుకి చెవి దగ్గర పెట్టాలి. పైన నీటి చుక్కలు పడుతుంటే కింద లోహం సన్నగా గణగణమంటుంది. చాలామంది ఫొటో తీసుకుని ఇది వినకుండానే వెళ్లిపోతారు.

మళ్లీ అదే ట్రామ్‌లో కిందికి వచ్చి మాలోస్త్రాన్‌స్కా దగ్గర దిగండి. మెట్రో స్టేషన్ పక్కనే వాలెన్‌స్టైన్ తోట, లెతెన్‌స్కా వీధిలో ఎత్తైన గోడకి ఉన్న గుమ్మం గుండా దారి. టికెట్ లేదు. యూరప్‌లో 1618–48 మధ్య సాగిన ముప్పయ్యేళ్ల యుద్ధంలో హాబ్స్‌బర్గ్ చక్రవర్తి సైన్యాలను నడిపిన వాలెన్‌స్టైన్ 1623లో ఇరవైకి పైగా ఇళ్లు కూలగొట్టించి ఈ భవనం మొదలుపెట్టాడు. 1634లో అదే చక్రవర్తి తరఫువాళ్లు అతన్ని చంపేశారు. ఇప్పుడు అందులో చెక్ సెనేట్ ఉంది. తోటలోని కంచు విగ్రహాలు నకళ్లు. ఆడ్రియాన్ డి వ్రీస్ చేసిన అసలువాటిని 1648లో స్వీడన్ సైన్యం ఎత్తుకుపోయింది, అవి ఇప్పటికీ స్టాక్‌హోమ్ దగ్గర డ్రాట్నింగ్‌హోమ్‌లోనే ఉన్నాయి. ఒక పక్కగోడ మొత్తం గుహలో కారి గడ్డకట్టిన సున్నపురాయిలా ఉంటుంది. అది మనుషులు చేసిందే. దాని ముందు రెండు నిమిషాలు ఊరికే నిలబడితే పాములు, కప్పలు, మొహాలు ఒక్కొక్కటే బయటపడతాయి. ఇది మన దృష్టి చేసే మాయా, శిల్పి కావాలని చెక్కాడా అన్న వాదన ఆ గోడ ముందు రోజూ జరిగేదే.

మూడోది అక్కడికి దగ్గర్లోనే ఉన్న వోయాన్ తోట. ఇదీ ఉచితమే, ఒకప్పుడు క్రైస్తవ సన్యాసినుల మఠం తోట. పండ్లచెట్లు, బెంచీలు, నెమళ్లు ఉంటాయి. ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తినడానికి ఇంతకన్నా మంచి చోటు ఆ పేటలో లేదు. దారులు గులకరాళ్లవి, బయట వీధులు రాతి పలకలవి. చెప్పులు వద్దు, మెత్తటి అడుగున్న బూట్లు వేసుకోండి.

ప్రశ్న: మోకాళ్లు బాగానే ఉన్నవాళ్లకు?
– ఒక పాఠకుడు, మ్యూనిక్

జవాబు: అయితే మెట్ల తోటలు మీవే. కోట దక్షిణపు వాలు మీద లెదెబూర్, పాల్ఫీ, కొలొవ్రాత్, ఫ్యుర్‌స్టెన్‌బెర్గ్ కుటుంబాల తోటలు ఒకదానికొకటి కలిపి ఉన్నాయి, అన్నిటికీ ఒకటే టికెట్. కోట మూడో ఆవరణ నుంచి ‘ఎద్దుల మెట్లు’ దిగితే దక్షిణ తోట వస్తుంది. అక్కణ్నుంచి ఈ తోటల పై గేటులో దూరి, వాల్డ్‌ష్టైన్‌స్కా వీధిలో తేలవచ్చు. కోటలోకి వెళ్లేముందు బ్యాగుల తనిఖీ ఉండవచ్చు. పెద్ద బ్యాగులు ప్రధాన రైల్వే స్టేషన్ లాకర్లో పెట్టి రండి.

వీటికన్నా మాకు నచ్చేది వ్రత్‌బా తోట. కర్మెలిత్‌స్కా వీధి 25వ నంబరు ఇల్లు. బయటికి మామూలు పాత ఇంటి వాకిలి, అందుకే నూటికి తొంభైమంది ముందునుంచే నడిచిపోతారు. లోపలి గుమ్మం మీద భూగోళం మోస్తున్న అట్లాస్ విగ్రహం ఉంటుంది, అదే గుర్తు. 1720 ప్రాంతంలో కాంకా అనే వాస్తుశిల్పి ఇరుకు స్థలాన్ని మూడు అంతస్తుల తోటగా మలిచాడు. విగ్రహాలు మథియాస్ బ్రౌన్‌వి. కింద నిలబడితే చిన్నదే కదా అనిపిస్తుంది. పై అంతస్తుకి వెళితే సెయింట్ నికొలస్ చర్చి ఆకుపచ్చ గుమ్మటం చేతికందేట్టు ఉంటుంది. శనివారాలు పెళ్లిళ్లుంటాయి, మామూలు రోజున పొద్దున్నే వెళ్లండి.

ప్రశ్న: పోయిన డిసెంబరులో వెళితే తోటలన్నీ మూసి ఉన్నాయి. త్రోయా భవనానికి సోమవారం వెళ్లాం, అదీ మూతే. ఎప్పుడు వెళ్లాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చలికాలంలో వీటిలో చాలావరకు మూసేస్తారు. ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకే నమ్మకం, పైన చెప్పినవాటిలో వోయాన్ తోట మాత్రం ఏడాది పొడవునా తెరిచి ఉంటుంది. గేటు మీద ‘జవ్రెనో’ అని రాసి ఉంటే మూసి ఉందని అర్థం. ‘జహ్రాదా’ అంటే తోట. ఊరి ఉత్తరాన ఉన్న త్రోయా భవనానికి సోమవారం సెలవు, శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు గానీ తెరవరు. ఇది తెలియక శుక్రవారం పొద్దున్నే వెళ్లి గేటు దగ్గర కూర్చునేవాళ్లు చాలామంది.

త్రోయాకి మెట్రో సి లైనులో నాద్రాజీ హోలెషోవిత్సె వరకు వెళ్లి, అక్కడ 112 నంబరు బస్సెక్కాలి. బెర్లిన్, డ్రెస్డెన్ నుంచి వచ్చే చాలా రైళ్లు హోలెషోవిత్సెలో ఆగుతాయి. జర్మనీ నుంచి వచ్చేవాళ్లు ఊళ్లోకి పోకుండా నేరుగా బస్సెక్కేయవచ్చు. అదే బస్సు జూకి కూడా పోతుంది కాబట్టి సెలవురోజుల్లో పిల్లలతో కిక్కిరిసిపోతుంది. త్రోయా భవనం లోపల పెద్ద హాలు గోడలు, పైకప్పు అంతా గోడిన్ వేసిన చిత్రాలే. అసలు విశేషం తోటవైపు మెట్లు: దేవతలు పైనుంచి తోస్తుంటే రాక్షసులు కిందికి దొర్లుతున్నట్టు చెక్కారు. పైనుంచి చూస్తే తెలియదు, మెట్ల కింద ఇసుకలో నిలబడి తల ఎత్తాలి.

టికెట్ గురించి ఒక మాట. కాగితం టికెట్ కొనగానే సరిపోదు, ట్రామ్‌లోనో మెట్రో ద్వారం దగ్గరో పసుపురంగు మెషీన్‌లో దూర్చి టైము ముద్ర వేయించాలి. ముద్ర లేకపోతే టికెట్ లేనట్టే, జరిమానా తప్పదు. ట్రామ్ లోపలి యంత్రంలో బ్యాంకు కార్డుతో కొన్న టికెట్‌కు ముద్ర అక్కర్లేదు, కొన్న క్షణం నుంచే టైము మొదలు.

ప్రశ్న: 1989లో తూర్పు జర్మన్లు తలదాచుకున్న లోబ్‌కోవిత్స్ భవనం కోసం కోటలో టికెట్ కొని వెళ్లాం. అక్కడ అలాంటి తోటే లేదు!
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆ పేరుతో రెండున్నాయి. మీరు వెళ్లింది కోట లోపలిది, ఆ కుటుంబం నడిపే మ్యూజియం. బ్రూగెల్ వేసిన గడ్డికోతల చిత్రం అక్కడే ఉంది కాబట్టి డబ్బులు వృథా కాలేదు. మీరడిగేది కింద వ్లాష్‌స్కా వీధిలోది, అప్పట్లో పశ్చిమ జర్మనీ రాయబార కార్యాలయం, ఇప్పుడు జర్మనీది. 1989 సెప్టెంబరు 30న పశ్చిమ జర్మనీ విదేశాంగ మంత్రి గెన్షర్ ఆ బాల్కనీ నుంచే తోటలోని వేలమంది తూర్పు జర్మన్లకు పశ్చిమ జర్మనీకి వెళ్లడానికి అనుమతి దొరికిందని చెప్పాడు. మామూలు రోజుల్లో లోపలికి రానివ్వరు. భవనం దాటి, గోడ పక్క సందులో వెనక్కి వెళితే ఇనుప కంచె వస్తుంది. దాని సందుల్లోంచి నాలుగు కాళ్ల మీద నిలబడ్డ ట్రబాంట్ (తూర్పు జర్మనీలో తయారైన కారు) విగ్రహం కనిపిస్తుంది. ఆ జనం వదిలేసిపోయిన కార్లకు గుర్తుగా చెక్ శిల్పి డేవిడ్ చెర్నీ చేసింది అది.